గోడ అడుగున ఓ చిన్న చూరు

గోడ మీద పడిన వాననీరంతా చివరికి దిగేది గోడ అడుగుకే. అమెరికాలో ఎక్కువ ఇళ్లకు చెక్క చట్రం, దానిపైన సైడింగ్ అనే పలకల తొడుగు ఉంటాయి. ఆ తొడుగు ముగిసి కాంక్రీటు పునాది మొదలయ్యే చోట, లోపలివైపు, గోడల బరువు మోసే అడుగు దూలం పడుకుని ఉంటుంది. అది నానుతూ ఉంటే పుచ్చిపోతుంది. చెదలకూ దారి దొరుకుతుంది.

విరుగుడు పాతదే. మధ్యయుగాల ఇంగ్లండు రాతి చర్చిల గోడలు కింద మందంగా, పైన సన్నంగా ఉంటాయి. ఆ తేడా వచ్చే మెట్టు మీద నీరు నిలవకుండా రాయిని ఏటవాలుగా చెక్కేవారు. ఆ పద్ధతి వలసవాళ్లతో అట్లాంటిక్ దాటింది. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో 18వ శతాబ్దపు ఇటుక కట్టడాలకు అదే మెట్టు కనిపిస్తుంది. వాటర్ టేబుల్ అంటారు దాన్ని. భూగర్భ జలమట్టంతో సంబంధమేమీ లేదు. చూపుకు అలంకారమే, చేసేది మాత్రం కాపలా.

కలప దండిగా దొరికే న్యూ ఇంగ్లండులో ఆ మెట్టును చెక్కతోనే చేశారు. ఒకదానిపై ఒకటి ఎక్కేలా కొట్టిన పలకల కింద వెడల్పాటి బల్ల, దాని నెత్తిన వాలుగా ఒక పట్టీ. మంచి వడ్రంగి ఆ పట్టీ అడుగున సన్నని గాడి తీస్తాడు. తెలివంతా ఆ గాడిలోనే ఉంది. అంచు దాకా వచ్చిన నీరు బుద్ధిగా కింద పడిపోదు. తలతన్యత వల్ల అంచు అడుగును పట్టుకుని లోపలికి పాకుతుంది. గాడి ఎదురైతే దాటలేక అక్కడే బొట్టుగా రాలుతుంది. మన మేస్త్రీలు సన్‌షేడ్ అడుగున గాడి పెట్టేదీ ఇందుకే.

తర్వాత నీటిని బయటికి మళ్లించే రేకు పట్టీలు (ఫ్లాషింగులు), వినైల్ అనే ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. వినైల్ అడుగున కన్నాలుంటాయి, లోపలికి వెళ్లిన నీరు కారిపోవడానికి. చిక్కు తెచ్చింది వేరే ఆలోచన: నీటిని రాల్చడం ఎందుకు, సందులన్నీ మూసేస్తే పోదా? దాని ఫలితం 1990లలో నార్త్ కరోలైనాలోని విల్మింగ్టన్‌లో బయటపడింది. నురుగు పలకల మీద సింథటిక్ పూత పూసిన ఇళ్లు పైకి నిక్షేపంగా ఉండి లోపల కుళ్లాయి. కిటికీల పక్కల నుంచి దూరిన నీటికి బయటపడే దారే లేదు.

ఇప్పటి అమెరికా నమూనా గృహ నిర్మాణ కోడ్ ప్రకారం, చెక్క చట్రం మీద గార పూస్తే అడుగున నీరు కారే రేకు పెట్టాలి. అది మట్టికి కనీసం 4 అంగుళాలు, గచ్చుకు 2 అంగుళాలు ఎత్తున ఉండాలి. మామూలు చెక్క సైడింగ్‌కైతే మట్టికి 6 అంగుళాల ఎడం కావాలి.

అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఒక మాట. చీమలొస్తాయని సైడింగ్ అడుగు సందులో సీలెంట్ నింపకండి. డల్లాస్ వైపు ఇటుక గోడల కింద నీరు కారడానికి వదిలిన కన్నాలనూ మూయకండి. పూలమొక్కలకు పోసిన మట్టి సైడింగ్‌ను తాకుతుంటే, ఈ వారాంతమే పారతో లాగేయండి.