ద్వారాల విస్తరణ

చక్రాల కుర్చీ, వాకర్ వాడేవారు, వృద్ధులు సొంత ఇంట్లో స్వేచ్ఛగా తిరిగేందుకు ద్వారబంధాలను వెడల్పు చేసే మార్పే ద్వారాల విస్తరణ. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్గదర్శకాలు కనీసం 900 మి.మీ. నికర వెడల్పు సూచిస్తాయి. బహిరంగ స్థలాల్లో చూస్తే, హైదరాబాద్‌లోని మధురానగర్ మెట్రో స్టేషన్ 2019లో లిఫ్టులతో ప్రారంభమైంది. ఇళ్లలో మాత్రం అసలు చిక్కు స్నానాలగది దగ్గరే. 750 మి.మీ. ద్వారంలో చట్రం, తలుపు మందం పోగా, చక్రం తిప్పే చేతి వేళ్లకు చోటు మిగలదు. గోడ కొట్టేముందు లింటెల్ (ద్వారంపై గోడ బరువు మోసే దూలం) పొడవు చూడాలి: కొత్త లింటెల్ ఇరువైపులా కనీసం 150 మి.మీ. గోడపై ఆనాలి. కాంక్రీటు స్తంభాన్ని చెక్కకూడదు. పసుపు రాసి పూజించే గడపను తొలగించడం ఇష్టంలేని ఇళ్లలో దానికి రెండువైపులా వాలుచెక్కలు అమరుస్తారు.