పుస్తకములకు మరలిన కంప్యూటరు శాస్త్రజ్ఞుడు

బేగం బజారు టోకు బేరముల సందడి దాటి కొంచెము దూరము నడచినచో అఫ్జల్ గంజ్‌లో, మూసీ యొడ్డున, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కనబడును. 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర ఆబిడ్స్‌లో వెలసి, 1936లో ఈ భవనమునకు తరలివచ్చినది. కలపగుజ్జుతో చేసిన చవుక కాగితములో ఆమ్లముండుటచే పాతపుస్తకముల పుటలు పసుపువారి, మడతల వద్ద విరిగిపోవును. ఇట్టి తెలుగు పుస్తకములను కాపాడు పనికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు, వింతగా, మనిషి మాటను గ్రహించు యంత్రములను నిర్మించిన శాస్త్రజ్ఞుడు. ఆయన దబ్బల రాజగోపాల రెడ్డిగారు. లోకమునకు రాజ్ రెడ్డి.

1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో రైతు కుటుంబమున జన్మించి, ఇసుకలో అక్షరములు దిద్దుకొనిరి. 1958లో మదరాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టము పొందిరి. వంతెనలు కట్టవలసిన మనిషి! ఆస్ట్రేలియాలో కంప్యూటరు పరిచయమయ్యెను, దారి మారెను. ‘కృత్రిమ మేధ’కు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్థీ వద్ద స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్‌లో చేరిరి.

అచ్చట వారి బృందము నిర్మించిన ‘హియర్‌సే’ పద్ధతి తరగతిలో చెప్పదగినది. చేతివ్రాత సరిగా లేని జవాబు పత్రమును నలుగురుపాధ్యాయులు కూడి చదువుదురనుకొందము. ఒకరు అక్షరమును, ఒకరు మాటను, ఒకరు వ్యాకరణమును చూచి తమ ఊహను నల్లబల్లపై వ్రాయుదురు. మిగిలినవారు దానిని దిద్దుదురు. యంత్రములోని వేర్వేరు భాగములు ధ్వనిని ఇట్లే గ్రహించును. 1976 నాటి ‘హార్పీ’ వెయ్యి పైచిలుకు మాటలను గుర్తించెను. 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి ట్యూరింగు బహుమతి లభించెను.

1999లో డీను పదవి విడుచునప్పటికి వారి వయస్సు 62. విశ్రాంతికి తగిన కాలము. కాని పదిలక్షల పుస్తకములను స్కాను చేయు పథకమునకు నడుము కట్టిరి. కాపీహక్కులు, పనివారు, పుస్తకముల రవాణా: ఇవన్నియు ప్రయోగశాలలో నేర్వని విద్యలు. 1998లో హైదరాబాదులో స్థాపితమైన ట్రిపుల్ ఐటీ ఇందు పాల్గొనెను. అఫ్జల్ గంజ్ పుస్తకములును స్కానరు క్రిందకు వచ్చెను. 2007లో ప్రపంచమంతట కలిపి సంఖ్య పదిలక్షలు దాటెను.

అయితే స్కాను చేసిన పుట ఒక ఛాయాచిత్రము మాత్రమే. యంత్రమునకది నలుపు తెలుపు చుక్కల గుంపు. ఆంగ్లాక్షరములు విడివిడిగా నిలుచును. మన ‘స్త్రీ’లో సకారము, తవత్తు, రవత్తు, దీర్ఘము ఒకదానినొకటి అంటి యుండును. వీనిని విడదీయుట కష్టము. నేటి భాషాయంత్రములు అపారమైన పాఠమును చదివియే మాటల కూర్పు నేర్చుచున్నవి. పాఠముగా మారని తెలుగు పుస్తకము వాటికి లేనట్లే.

తొందరలో చేసిన పనికి దోషములును తప్పలేదు: కొన్నిట పుటలు లోపించినవి, పేర్లు రోమను లిపిలో అస్తవ్యస్తముగా నమోదైనవి. భారత డిజిటల్ లైబ్రరీ మూల స్థానము తరువాత మూతపడినను, ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో నిలిచినవి. అచ్చట పుస్తకము కనబడనిచో, పేరును రెండు మూడు విధముల వ్రాసి వెదకవలెను.