ఓపెన్ టెన్త్ మన తండాలకు ఎలా వచ్చింది?



విస్సన్నపేట చుట్టుపక్కల తండాల్లో పదిహేనేళ్ల పిల్లల్ని ఏం చదువుతున్నావని అడిగితే కొందరు "ఓపెన్ టెన్త్ కట్టాను" అంటారు. ఈ మాట మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో చూద్దాం.

దూరవిద్య మొదట పెద్దల కోసం పుట్టింది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చింది. ఇవాళ దాన్ని అంబేడ్కర్ యూనివర్సిటీ అంటున్నాం. కాలేజీకి పోలేని ఉద్యోగులు, గృహిణులు అందులో డిగ్రీ చేశారు. బడి చదువు విషయానికొస్తే, 1979లో సీబీఎస్‌ఈ ఓపెన్ స్కూల్ ప్రయోగం చేసింది, 1989లో అది జాతీయ సంస్థ అయింది. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ 1991లో ఏర్పడింది. అందులో పదో తరగతి 2008-09లో, ఇంటర్ 2010-11లో మొదలయ్యాయి. పదికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు.

ఆ 14 దగ్గరే ఇంకో గీత ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. అంటే ఎనిమిది దాటిన పిల్లాడు బడికి రాకపోతే అడిగే చట్టం లేదు. ఆ వయసుకే ఇంట్లో పని కూడా వాణ్ణి పిలుస్తుంది. మామిడి పూతకొచ్చిన దగ్గర్నుంచి మందు కొట్టడం, తోట కాపలా, తర్వాత కోతలు. మిర్చి ఏరడానికి అమ్మానాన్న వలస పోతే చెల్లెల్ని ఎవరు చూడాలి? ఆడపిల్లకైతే హైస్కూలు దూరమూ కారణమే, పెళ్లి మాటలూ కారణమే.

ఓపెన్‌లో లాభం లేదనం. ఆదివారాలు, సెలవు రోజుల్లో క్లాసులుంటాయి. పాసైన సబ్జెక్టు చేతిలో ఉంటుంది, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. బడి మానేసిన అక్కలకు, వదినలకు ఇది నిజంగా రెండో తలుపు.

కానీ బడిలో ఉన్న పిల్లకు అదే మొదటి తలుపు కాకూడదు. మన పక్కనే నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. అందులో సీటుకు పదో తరగతి రెగ్యులర్‌గా, మొదటిసారే పాసవ్వాలి. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ కూడా ఉంది. తొమ్మిదిలో మానేసి ఓపెన్ కట్టిన రోజే ఆ సీటు పోతుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లకు తెలియదు.

కాబట్టి చదువుకున్న మనమే చెప్పాలి. మీ తండాలో ఈ ఏడు తొమ్మిదిలో ఎవరున్నారో ఒకసారి చూడండి. కోతలు మొదలయ్యేలోపే వాళ్లింటికి వెళ్లి మాట్లాడదాం.