తూర్పా, పడమరా?

ఇంకో రెండు కొబ్బరి డొక్కలు వెయ్యరా, మంట నిలబడుతుంది. ఏంటీ, ఫోన్లో అడుగుతున్నారా? యుద్ధం చెయ్యాలంటే ఇక్కడ నొక్కు, వద్దంటే అక్కడ నొక్కు అనా? బాగుంది. మా రోజుల్లో ఆ తగువు పోస్టాఫీసు అరుగు మీద తేలేది. తేలేది అన్నానుగానీ, ఏనాడూ తేలలేదనుకో.

మా నాన్నగారు బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసంటే వేరే ఏం లేదు, మన ఇంటి ముందుగదే. తాడేపల్లిగూడెం నుంచి సంచి వచ్చే వేళకి అరుగు నిండిపోయేది. పేపరు చదివించుకునేవాళ్ళు కొందరు, మనియార్డరు కోసం కాచుకునేవాళ్ళు కొందరు. మిలిటరీ మాధవరం మనకి దగ్గరే కదా. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఆ ఊళ్ళో ఇంటింటా సైనికులే. ఆ గాలి మన ఊరికీ తగిలింది. వచ్చే మనియార్డర్లలో సగం పటాలాల నుంచి వచ్చేవే. అందుచేత యుద్ధం మాట మాకు పొద్దుపోక చెప్పుకునే కబురు కాదు.

1962లో నేను హైస్కూల్లో ఉన్నాను. దీపావళి ఇంకా రాలేదు, అక్టోబరు 20న చైనా వాళ్ళు కొండలు దిగారని పంచాయతీ రేడియోలో చెప్పారు. తవాంగ్, సేలా, బొమ్దిలా... అంతవరకూ ఆ పేర్లు విన్నవాడు ఊళ్ళో లేడు. నెల తిరిగేసరికి చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చేశాయి. యుద్ధం న్యాయమా కాదా అని అప్పుడెవరూ అడగలేదు. ఇంటిమీదకి వచ్చిపడ్డాక అడిగేదేముంది? అందరికీ ఒకటే రోషం, ఒకటే అవమానం. భాయీ భాయీ అంటూనే తన్నారే అని.

అడిగినవాడు ఒకే ఒక్కడు. విశాలాంధ్ర తెప్పించుకునే కామ్రేడ్ మావయ్య. "ఆ మెక్‌మహాన్ గీత గీసింది 1914లో తెల్లవాళ్ళు. మన తాతలు గీసిందా, వాళ్ళ తాతలు గీసిందా? కూర్చుని మాట్లాడుకోవలసిన దానికి తుపాకులెందుకయ్యా?" అన్నాడు. అరుగంతా లేచింది. చైనా ఏజెంటన్నారు, ఊరొదిలి పొమ్మన్నారు. నిజానికి నవంబరు 1న ఢిల్లీలో ఆయన కమ్యూనిస్టు పార్టీయే ప్రభుత్వాన్ని బలపరుస్తూ తీర్మానం చేసింది. కాకపోతే ఆ తీర్మానం మింగుడుపడని సగంలో ఉన్నాడీయన. ఒకరోజు తెల్లారకుండానే పోలీసులొచ్చి, భారత రక్షణ నిబంధనల కింద పట్టుకుపోయారు. తర్వాత ఆయన రాసిన ఉత్తరాలు జైలు ముద్రతో వచ్చేవి. అత్తయ్యకి చదువు రాదు, నేనే వెళ్ళి చదివిపెట్టేవాణ్ణి. ఆ పార్టీ రెండేళ్ళకి రెండు ముక్కలైంది. విడిపోదాం అనుకున్న పక్షం 1964లో సమావేశం పెట్టుకున్నది మన తెనాలిలోనే.

నన్నడిగితే, చైనా సంగతిలో మావయ్య పొరబడ్డాడనే అంటాను. సైన్యం దింపినవాడితో గీత సంగతి మాట్లాడతావా? కానీ అరుగు మీద నోరు విప్పినందుకు జైల్లో పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

బంగారం సంగతి చెప్పాలి. జాతీయ రక్షణ నిధి అన్నారు. గూడెంలో మీటింగు పెడితే ఆడవాళ్ళు వేదిక దగ్గరికెళ్ళి గాజులు, ఉంగరాలు తీసి పళ్ళెంలో వేశారు. మా అమ్మ వంకీ ఇచ్చేసింది. నాన్నగారిని అడగలేదు. ఇంటికొచ్చి చెప్పింది, అంతే. ఆ పూట ఆయన అన్నం తిన్నారో లేదో గానీ, ఒక్క మాట అనలేదు. అడక్కుండా ఇచ్చినందుకు కోపమో, ముందు తనకి ఆ బుద్ధి పుట్టలేదని సిగ్గో నాకు తెలీదు.

నవంబరు 21న చైనా తనంతట తనే కాల్పులాపేసింది. నెల రోజుల యుద్ధం, అయిపోయింది అనుకున్నాం. జనవరి వచ్చేసరికి బంగారం నియంత్రణ నిబంధనలొచ్చాయి. మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రి. పధ్నాలుగు క్యారెట్లకి మించిన నగ చెయ్యకూడదు! ఆయుధాలు కొనాలంటే విదేశీ డబ్బు కావాలి, దొంగ బంగారానికి ఆ డబ్బు పోతోంది, జనానికి బంగారం మీద మోజు తగ్గించాలి, ఇదీ లెక్క. లెక్క బాగానే ఉంది. కానీ పధ్నాలుగు క్యారెట్ల మంగళసూత్రం ఏ తల్లి కట్టనిస్తుందిరా? ఇత్తడి కన్నా హీనం అని మొహం మీదే అనేసేవారు. పెళ్ళిళ్ళ రోజుల్లోనూ మన కంసాలి ఆచారిగారి కుంపటి వెలగలేదు. అంతకుముందు ఎంత పని! మూడు తరాలుగా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ ఇంట్లోనే పుస్తెలు పోయించేవారు. పెద్దకొడుకు రైస్‌మిల్లులో బస్తాలు మొయ్యడానికి పోయాడు. రెండోవాడు బెజవాడలో హోటల్లో చేరాడు. దేశంలో చాలాచోట్ల స్వర్ణకారులు ప్రాణాలే తీసుకున్నారని పేపర్లలో వచ్చేది, ఆ ముక్క వచ్చిన రోజున నాన్నగారు గట్టిగా చదివేవారు కాదు.

ఆచారిగారు ఒకనాడు కార్డు కొనడానికొచ్చి, "పోస్టుమాస్టరు గారూ, యుద్ధం అయిపోయిందన్నారు కదండీ?" అన్నారు. "అయిపోయిందండీ" అన్నారు నాన్నగారు. "మరి మా ఇంట్లో ఇప్పుడే మొదలైందేంటండీ?" అన్నారాయన. అప్పుడు అరుగు మీద ఉన్నవాళ్ళంతా యుద్ధం కావాలన్నవాళ్ళే. ఆచారిగారు కూడా కావాలన్నవారే, ఆ మాట మరిచిపోకు. కొన్నాళ్ళకి నిబంధన సడలించారు గానీ, బంగారం నియంత్రణ చట్టం పూర్తిగా పోయింది 1990లో. కొడుకులు మళ్ళీ కుంపటి దగ్గరికి రాలేదు.

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం సంగతి పెద్దగా చెప్పను. శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమంటే మానేశాం. తాష్కెంటులో హాజీపీర్ కనుమ తిరిగిచ్చేశారని అరుగు మీద రెండు వర్గాలై కొట్టుకున్నంత పని చేశారు. ఆ కనుమ ఎక్కడుందో చూపించమంటే ఒక్కడికీ తెలీదు.

1971 వేరు. అప్పటికి నాన్నగారికి చూపు తగ్గి, ముద్రలు వేసేది నేనే. మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్తాన్‌లో, ఢాకాలో, పాకిస్తాన్ సైన్యం సొంత జనం మీదే పడింది. అప్పట్నుంచీ శరణార్థులు. కోటి మంది దాకా వచ్చారన్నారు. ఏప్రిల్లోనే మిల్లు గుమాస్తా, ఇంకో నలుగురు కుర్రాళ్ళు, "ఇందిరమ్మ ఇంకా ఏం చూస్తోంది, ఒక్క వారంలో తేల్చేయచ్చు" అని అరిచేవారు. మన హవల్దారు తాతగారు వింటూ కూర్చునేవారు. పాత పటాలం మనిషి, సింగపూర్ చూసినాయన. ఒకసారి మాత్రం, "వానలొస్తే ఆ దేశమంతా నీళ్ళేనయ్యా, బూటు ఎక్కడ పెడతావ్?" అన్నారు. సైన్యాధిపతి మానెక్‌షా కూడా అదే చెప్పి ఆపారని తర్వాతెప్పుడో చదివాం.

నవంబరులో కవర్ల మీద అయిదు పైసల శరణార్థుల స్టాంపు అదనంగా అంటించాలని ఆర్డరొచ్చింది. ముందు కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే 'రెఫ్యూజీ రిలీఫ్' అని ముద్ర కొట్టి పంపారు. జనం గొణిగేవారు, "మనకే లేక ఏడుస్తుంటే" అని. గొణుగుతూనే అంటించేవారు. నేను కౌంటరు దగ్గర చూసిన ముక్క చెబుతున్నాను. యుద్ధం కావాలని గట్టిగా అరిచినవాడే అయిదు పైసల దగ్గర ఎక్కువ గొణిగేవాడు. అందరూ కాదులే, మిల్లు గుమాస్తా మాత్రం కచ్చితంగా.

డిసెంబరు 3న యుద్ధం. ఆ రాత్రే విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అక్కడ మా పిన్నివాళ్ళు కిటికీలకి నల్లకాగితాలు అంటించుకుని పడుకున్నారు. జైలు నుంచి ఎప్పుడో వచ్చేసిన కామ్రేడ్ మావయ్య ఈసారి, "ఇది న్యాయమైన యుద్ధం" అన్నాడు. అరుగు నవ్వింది. ఆయన నవ్వలేదు. "అప్పుడు గీత కోసం, ఇప్పుడు మనుషుల కోసం. రెండూ ఒకటేనా?" అన్నాడు. నా మటుకు నాకు ఆ మాట సబబనిపించింది.

ఢాకాలో 16న పాకిస్తాన్ వాళ్ళు లొంగిపోయారు. ఊళ్ళో టపాకాయలు కాల్చారు. రెండ్రోజులకి గూడెం నుంచి టెలిగ్రాము వస్తే, పట్టుకెళ్ళింది నేనే. హవల్దారు తాతగారి చిన్నకొడుకు. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "తూర్పా, పడమరా?" అని అడిగారు. నాకు ముందు అర్థం కాలేదు. తూర్పున పోయుంటే ఆ కోటిమంది ఊళ్ళకి తిరిగి వెళ్ళడానికి పోయినట్టు. పడమరైతే అది పాత పోరు, ఎవరి కొండ ఎవరిదన్న లెక్క. టెలిగ్రాములో ఆ ముక్క లేదు. రికార్డాఫీసుకి నాచేతే ఉత్తరం రాయించారు. పడమరేనని జవాబొచ్చింది.

తర్వాత తొంభై మూడు వేల మంది ఖైదీల సంగతి మొదలైంది. వాళ్ళకి తిండెందుకు, మన బియ్యం ఎందుకు పొయ్యాలి, కాశ్మీరు మీద సంతకం పెట్టేదాకా వదలకూడదు అంటూ ఒకటే గోల. సిమ్లా ఒప్పందం అయ్యాక ఇంకా పెరిగింది. అరుగు మీద సగంపైన ఆ మాటే. నేనూ అదే అన్నాను. తాతగారి ఎదురుగానే అన్నాను, ఆయన కొడుకు పోయాడు కనక నా మాట ఆయనకి నచ్చుతుందని.

"1942లో సింగపూర్ పడిపోయినప్పుడు నేను జపాను వాడికి ఖైదీనిరా" అన్నారాయన. "మా వాళ్ళెందరో తిండిలేక, మందులేక పోయారు. ఖైదీకి యుద్ధం అయిపోయింది. వాడికి అన్నం పెట్టు, ఇంటికి పంపు. అది పెట్టలేనివాడు యుద్ధానికి పోకూడదు."

మిల్లు గుమాస్తా ఒప్పుకోలేదు. "మీది పెద్దమనసండీ, దేశానికి పెద్దమనసుంటే కుదరదు" అన్నాడు. ఆ వాదన ఎన్నాళ్ళో సాగేది గానీ, 1972 చివర్లో జై ఆంధ్ర గొడవలు వచ్చిపడ్డాయి. రైళ్ళాగిపోయాయి, సంచి రావడం మానేసింది, పేపరు లేదు. 1974లో చివరి ఖైదీలు వాఘా దాటి వెళ్ళిపోయేనాటికి మన వాళ్ళంతా లెవీ ధాన్యం ధర మీద తిట్టుకుంటున్నారు. ఆ వార్త నేను చదివాను. గుమాస్తా మధ్యలో అడ్డుపడి, "అది సరేగానీ, ధాన్యం రేటు ఏమైనా రాశాడా చూడు" అన్నాడు.