జువ్వలదిన్నె ఇంజనూ, బెంగుళూరు బాంబర్లూ

ఆ మధ్య అమెరికాలో ఉంటున్న మా పాత కొలీగ్ ఒక ఫోటో పంపాడు. హోమ్ డిపోలో చాన్నాళ్ళు అద్దెకి తిప్పి, చివరికి అమ్మకానికి పెట్టేసిన కాంక్రీటు డ్రిల్లు. "సగం రేటుకే కొట్టేశా బాస్" అని కింద ఓ మురిపెం. వాడు అపార్ట్‌మెంటులో ఉంటాడు. కాంక్రీటు డ్రిల్లుతో ఏం చేస్తాడో నేనడగలేదు, వాడూ చెప్పలేదు :-)

నాకు మాత్రం వెంటనే జువ్వలదిన్నె మామ కొన్న ఇంజను గుర్తొచ్చింది.

మాది బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు ఉన్న ఊరు. అక్కణ్ణించి తూర్పుగా వెళ్తే బకింగ్‌హాం కాలవ, ఇసక దిబ్బలు, జువ్వలదిన్నె, సముద్రం. మా మండలమే (బోగోలు). హైస్కూల్లో నా పక్కన కూర్చున్న వాడిది ఆ ఊరే. వాళ్ళ నాన్నని నేను మామా అంటాను. 2004 సునామీలో ఆయన బోటూ వలలూ పోయాయి. సాయంగా ఓ ఫైబర్ బోటు వచ్చింది గానీ దానికి ఇంజను లేదు. కొత్తది కొనే తాహతు లేదు. రెండేళ్ళ తర్వాత ఒకాయన దగ్గర వాడిన డీజిల్ ఇంజను కొన్నాడు. లాంగ్‌టెయిల్ అంటారు: ఇంజను బోటులోనే ఉంటుంది, పొడుగాటి షాఫ్టు వెనక నీళ్ళలోకి వెళ్తుంది, దాని కొసన ప్రొపెల్లరు. చూడ్డానికి నిగనిగలాడుతూ ఉందిట, కొత్త రంగు. ఈయన వెళ్ళేసరికే ఇంజను వెచ్చగా ఉంది, ఒక్క తిప్పుకే అందుకుంది. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేశాడు.

మూడో వారంలో సముద్రం మధ్యలో ఆగిపోయింది. బోటులో నలుగురు. సెల్‌ఫోన్‌కి సిగ్నల్ లేదు, తెరచాప ఎప్పుడో వదిలేశారు. రాత్రంతా కొట్టుకుపోయి, తెల్లారాక పక్క ఊరి బోటు కనపడితే తాడు కట్టించుకుని ఒడ్డుకొచ్చారు. అమ్మినాయన్ని అడిగితే "ఉన్నదున్నట్టే అమ్మాను గదా, నువ్వు చూసుకునే కొన్నావు గదా" అన్నాట్ట. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కు మీద జార్జ్ అకెర్లాఫ్ అనే ఆయన 1970లో ఒక వ్యాసం అచ్చేయించాడు. అంతకుముందు మూడు జర్నల్స్ దాన్ని తిప్పికొట్టాయి. 2001లో అదే వ్యాసం పేరు చెప్పి ఆయనకి (ఇంకో ఇద్దరితో కలిపి) ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. విషయం సింపులే. పాత కారు లోగుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. తెలీనివాడు అనుమానంతో తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, డొక్కు బండి ఉన్నవాడే సంతోషంగా అమ్ముతాడు. రానురానూ మార్కెట్టంతా డొక్కులే మిగుల్తాయి. అంటే మనం "సగం రేటుకి కొట్టేశా" అని మురిసిపోయే డిస్కౌంటులో, వస్తువు అరిగినందుకు తగ్గింది కొంతే. మనకి తెలీనిదాన్ని నెత్తికెత్తుకుంటున్నందుకు ఇచ్చే కూలి మిగతాది.

మరి డొక్కులు కొని కూడా బాగుపడ్డ వాళ్ళు లేరా అంటే ఉన్నారు. మన దేశంలోనే ఓ పెద్ద ఉదాహరణ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి ఇక్కడ ఇంగ్లీషు వాళ్ళవీ అమెరికా వాళ్ళవీ జీపులు, లారీలు, లేత్ మిషన్లు, జనరేటర్లు, విమానాలు గుట్టలుగా పడున్నాయి. అన్నిటినీ వేలానికి పెట్టారు. మా తాతల తరం "డిస్పోజల్స్" అనేది ఈ సామానునే. ఆ కాయితాల మీద ఉండే షరతు ఇప్పటికీ గవర్నమెంటు వేలాల్లో ఉంటుంది: ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. మోసుకెళ్ళడం నీ పని, లోపల ఏముందన్నది నీ అదృష్టం. ఆ యుద్ధం మిగిల్చిన డకోటా విమానాలు మన దేశంలో చాలా కంపెనీలని గాల్లోకి లేపాయి. హైదరాబాద్ బేగంపేట నించి 1946లో సర్వీసులు మొదలెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ (నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి పెట్టింది) నడిపినవీ డకోటాలే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

అన్నిట్లోకీ నాకు బాగా నచ్చేది లిబరేటర్ బాంబర్ల కథ. అవి అమెరికా అరువు పద్ధతి మీద ఇంగ్లీషు వాళ్ళకిచ్చిన విమానాలు. యుద్ధమయ్యాక తిరిగివ్వాలి, లేదా పాడుచేసెయ్యాలి. కాన్పూరులో ఉన్నవాటిని పాడుచేసే వెళ్ళారు. బుల్డోజర్లతో గుద్దించారనీ, ఇంజన్లలో ఇసక పోశారనీ అంటారు. స్వాతంత్ర్యం వచ్చాక మనకి బాంబర్లు కావాల్సొచ్చాయి, కొత్తవి కొనే డబ్బూ లేదు, అమ్మేవాళ్ళూ తొందరగా దొరకలేదు. బెంగుళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు (ఇప్పటి హెచ్.ఏ.ఎల్.) కాన్పూరెళ్ళి ఆ శిథిలాల్ని చూశారు. ఒకదాని రెక్క, ఇంకోదాని ఇంజను, మూడోదాని తోక ఏరి, ఎగిరేంత వరకూ మాత్రం అతుకులేసి, బెంగుళూరుకి తెచ్చి అక్కడ పూర్తిగా బాగుచేశారు. అలా ఎగరేసుకుని వచ్చింది వాళ్ళ చీఫ్ టెస్ట్ పైలట్ జంషెడ్ కైకోబాద్ మున్షీ. అదేదో సినిమాలో సీనులా ఉంటుంది గానీ, ఒక్కోటీ తేవడానికి ఆయన ప్రాణం ఒడ్డాడు. 1948 నవంబరులో ఆ విమానాలతోనే ఎయిర్ ఫోర్స్ 5వ స్క్వాడ్రన్ మొదలైంది. మొత్తం నలభైకి పైగా లేచాయి, దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేశాయి. లండన్ దగ్గర ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియం వాళ్ళకి చూపించుకోడానికో లిబరేటర్ కావాల్సొచ్చినప్పుడు మన వాళ్ళే ఒకటి బహుమానంగా పంపారు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు ట్రాఫిక్‌లో హెచ్.ఏ.ఎల్. గోడ పక్కన ఇరుక్కున్నప్పుడల్లా నాకిది గుర్తొచ్చి కాస్త కోపం తగ్గుతుంది.

అక్కడ కొన్నవాళ్ళే మెకానిక్కులు. విప్పి చూడగలరు, విప్పింది మళ్ళీ బిగించగలరు. వాళ్ళ దగ్గర అకెర్లాఫ్ లెక్క పనిచెయ్యదు. మద్రాసు పుదుప్పేట, విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్‌లో గురువారం గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్, అన్నీ ఈ పునాది మీదే బతుకుతున్నాయి. అక్కడ పాత స్పానర్లో, గేర్‌బాక్సో బేరమాడేవాడికి చేతులకి గ్రీజు ఉంటుంది. మనలాంటి వాడు ఇన్‌షర్ట్ వేసుకుని వెళ్తే రేటు దానంతటదే మారిపోతుంది.

మన ఫీల్డులో ఈ చిక్కుని ఇంకోలా విప్పారు. సికింద్రాబాద్ సీటీసీలో దొరికే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల్లో చాలా మటుకు ఏదో పెద్ద కంపెనీ మూడేళ్ళు లీజుకి తీసుకుని తిరిగిచ్చేసినవి. బ్యాటరీ ఎన్నిసార్లు చార్జయిందో, డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో అదే చెప్తుంది. అద్దె సామానూ అంతే. మా కొలీగ్ డ్రిల్లుని వందమంది వాడుంటారు, సొంతం కాదు గనక ఎవడూ జాలిపడి ఉండడు. కానీ అద్దెకిచ్చేవాడికి అది మర్నాడు మళ్ళీ పనిచెయ్యాలి కాబట్టి వచ్చిన ప్రతిసారీ చూసుకునే ఉంటాడు. సొంతదారు ముద్దుగా వాడుకున్న మిషను కన్నా, మొరటుగా వాడినా లెక్క రాసిపెట్టిన మిషనే ఒక్కోసారి మేలు. కస్టమర్ తిరిగిచ్చేసిన డబ్బాల సంగతి వేరే. ఎందుకు తిరిగిచ్చాడో ఆ ఒక్కడికే తెలుసు.

జువ్వలదిన్నెకి వద్దాం. ఈ తీరంలో వెనకటికి కట్టుమరాలు. నాలుగైదు దుంగలు తాడుతో కట్టిన తెప్ప. పాతది కొనాలన్నా దాంట్లో రహస్యం లేదు. దుంగ ఒక కొస ఎత్తి చూస్తే నీళ్ళు తాగిందో లేదో భుజమే చెప్తుంది. వలైతే కళ్ళకే కనపడుతుంది. 1979లో ఎఫ్.ఏ.ఓ. వాళ్ళు మద్రాసు కేంద్రంగా బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం పెట్టి, హార్బరు లేని చోట ఇసక మీదికి లాక్కునే పడవకి ఇంజను ఎలా బిగించాలా అని ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. తర్వాతి కాలంలో ఫైబర్ బోట్లూ, డీజిల్ ఇంజన్లూ ఊరూరా వచ్చేశాయి. వాటితో పాటు వచ్చిందే లోపల ఏముందో బయటికి కనపడని సామాను. మన భాషలో చెప్పాలంటే బ్లాక్ బాక్సు. తాతల నించి వచ్చిన తెలివి దుంగ గురించి, గాలి గురించి, చేప గురించి. ఇంజెక్టరు గురించి కాదు. మామ ఆ రోజు మోసపోయింది తెలివితక్కువై కాదని నేనంటాను. అన్నీ చూసి కొనడం వచ్చిన మనిషే, ఈ ఒక్కదాంట్లో చూడ్డానికేమీ కనపడలేదు.

ఆ రాత్రి తర్వాత ఆయన కొత్త ఇంజను కొన్నాడేమో అనుకున్నారా? లేదు. పాడైనదాన్ని తీసుకెళ్ళి కావలిలో ఒక మేస్త్రీ దగ్గర పడేసి, విప్పుతున్నంతసేపూ పక్కనే కూర్చున్నాడట. తర్వాత చాలాసార్లు వెళ్ళాడు, పనున్నా లేకున్నా. నాకు ఆయన చెప్పింది చెప్తాను, మీలో ఎవరైనా పాత జనరేటరో, ట్రాక్టరో కొనేటప్పుడు పనికొస్తుంది.

రాత్రంతా ఆగున్న ఇంజన్నే స్టార్ట్ చేయించాలి. ముందే తిప్పి వేడెక్కించి పెడితే కంప్రెషన్ పోయినది కూడా బుద్ధిగా అందుకుంటుంది. పొగ చూడాలి: నీలిపొగ వస్తూనే ఉంటే ఆయిలు మండుతోంది, రింగులు అరిగాయి. లోడు లేకుండానే నల్లపొగ కక్కుతుంటే ఇంజెక్టరో పంపో చూపించాలి. ఆయిలు పోసే మూత తీసి చెయ్యి అడ్డం పెడితే లోపల్నించి గాలి తన్నకూడదు. ఆయిలు చుక్క వేళ్ళ మధ్య నలిపితే మెరుగు రజను తగిలితే బేరింగులు పోతున్నాయి. పాల టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, సముద్రం మీద తిరిగినదైతే ఉప్పునీళ్ళే కావచ్చు. "రంగు కొత్తగా ఉంటే మటుకు ఒక రోజు ఆలస్యంగా కొను నాయనా" అన్నాడు.

జువ్వలదిన్నెకి ఇప్పుడు హార్బరు కూడా వచ్చింది. 2020 నవంబరులో శంకుస్థాపన, 288 కోట్ల అంచనా, 1250 బోట్లకి చోటు ఉండేలా ప్లాను. ఇసక మీదికి లాక్కునే చిన్న ఫైబర్ బోటుకి అంత హార్బరు అక్కర్లేదు. అది పెద్ద బోట్ల కోసం, పెద్ద బోటంటే పెద్ద ఇంజను. లారీ ఇంజన్ని సముద్రానికి మార్చి బిగించుకోవడం మద్రాసు వైపు ఎప్పటి నించో ఉన్నదే. కొత్తది కొనలేనివాడు అక్కడ పాతదే కొంటాడు, రేటు ఎంత పెరిగితే మోసం అంత పెద్దదవుతుంది. హార్బరు ప్లానుల్లో ఐస్ ప్లాంటుకీ, వేలం హాలుకీ చోటు చూపిస్తారు. నన్నడిగితే అమ్మకానికొచ్చిన ఇంజన్ని నలుగురి ముందూ విప్పి చూపించే ఒక షెడ్డు కూడా ఉండాలి, అన్నేళ్ళ రిపేర్లు రాసిపెట్టిన ఒక చిట్టాతో సహా. మన లాప్‌టాప్‌కి ఉన్నపాటి చరిత్ర, నలుగురి ప్రాణాలు మోసే ఇంజనుకి ఉండకపోతే ఎట్లా?

క్రితంసారి వేట నిషేధం రోజుల్లో ఊరెళ్ళాను. ఏప్రిల్ 15 నించి 61 రోజులు బోట్లన్నీ ఒడ్డునే, ఇంజన్ల రిపేర్లన్నీ అప్పుడే. మామ నా చేతిలో ఫోన్ పెట్టి, ఓఎల్ఎక్స్‌లో ఎవరో పెట్టిన పాత ఇంజను చూపించాడు. కొడుక్కోసమట. అమ్మేవాడికి ఫోన్ చేసి మాట్లాడమన్నాడు, చదువుకున్నోడివి గదా అని. చేశాను. అవతలాయన మర్యాదగానే "రేపు పదింటికి రండి సార్, రెడీగా పెడతాను" అన్నాడు.

మామ పక్కనించి చెయ్యి అడ్డంగా ఊపాడు. "పదింటికి కాదు, తెల్లారి అయిదింటికే వస్తామని చెప్పు. మేమొచ్చేదాకా దాని మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పు."