రక్షణ వ్యయం (భారతదేశం)

సైన్యం జీతభత్యాలకు, ఆయుధాలకు, పింఛన్లకు కేంద్రం ఏటా పెట్టే ఖర్చు. రక్షణ కేంద్ర జాబితాలోని అంశం. 2025–26 బడ్జెట్‌లో దీనికి సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో కొత్త ఆయుధాల వంటి పెట్టుబడికి 1.80 లక్షల కోట్లు, పింఛన్లకు 1.60 లక్షల కోట్లు.

పెంపు వాదం: 1962 చైనా యుద్ధానికి మనం సిద్ధంగా లేమన్నది ఈ వాదానికి ఒక ఆధారం. ఆ తర్వాతే కేటాయింపులు బాగా పెరిగాయి. స్థూల దేశీయోత్పత్తిలో 3 శాతం ఇవ్వాలని పార్లమెంటు స్థాయీ సంఘం సిఫారసు చేసింది. 2025–26 కేటాయింపు 2 శాతం లోపే.

తగ్గింపు వాదం: అదే డబ్బు సాగునీటికి, చదువుకు, వైద్యానికి పెడితే ఫలితం జనానికి నేరుగా అందుతుందంటారు. ఉదాహరణకు, పట్టిసీమ దగ్గర 24 పంపులతో గోదావరి నీటిని పోలవరం కుడికాలువలోకి తోడి కృష్ణా డెల్టాకు పంపే ఎత్తిపోతల పథకానికి తొలి అంచనా దాదాపు 1,300 కోట్లే. అయితే అది రాష్ట్రం చేపట్టిన పథకం. రక్షణలో మిగిలిన సొమ్ము కాలువలకే వస్తుందన్న హామీ లేదు.

స్థానిక ప్రభావం: తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా ఇక్కడివారు సైన్యంలో చేరుతున్నారు. ఇలాంటి ఊళ్ళకు రక్షణ వ్యయమంటే ఉద్యోగం, నెలనెలా పింఛను. 2022లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకం కింద చేరినవారిలో నాలుగేళ్ళ తర్వాత 25 శాతం వరకే కొనసాగిస్తారు. మిగిలినవారికి పింఛను ఉండదు. కాబట్టి మొత్తం ఎంత అన్నదానితోపాటు, ఏ పద్దుకు ఎంత అన్నదీ ముఖ్యమే.