గజపతుల భూమిలో అశ్వం: వర్షర్తువు, నీరాజనం

బృహదారణ్యకోపనిషత్తు అశ్వమేధాశ్వ ధ్యానంతో ఆరంభమవుతుంది. ఉషస్సు ఆ అశ్వానికి శిరస్సు, సూర్యుడు నేత్రం, వాయువు ప్రాణం. అది ఆవులిస్తే మెరుపు, దేహం విదిలిస్తే ఉరుము, మూత్రం విడిస్తే వర్షం. అశ్వమేధంలో అధికారం లేనివారికి ఈ ఉపాసన చేతనే తత్ఫలం లభిస్తుందని శంకర భగవత్పాదుల భాష్యం. ఉపనిషత్తులో వర్షం అశ్వం నుండి పుడుతుంది. భూమి మీది అశ్వం మాత్రం ఆ వర్షంలో తడుస్తుంది, వణుకుతుంది, ఒక్కొక్కప్పుడు మరణిస్తుంది. ఈ రెండవ అశ్వం చరిత్రను తెలుసుకోవడానికి చంపావతీ తీరంలోని నెల్లిమర్ల పరిసరాలు అనువైనవి. అది ప్రాచీన కళింగ భూమి, గుర్రానికి సహజంగా అనుకూలించని భూమి.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో కళింగ, అంగ దేశాల గజాలను శ్రేష్ఠమైనవిగా పేర్కొన్నాడు. అశ్వాల విషయంలో ఆయన దృష్టి వాయవ్యానికి మరలుతుంది. కాంభోజ, సైంధవ, ఆరట్ట, వనాయు దేశాల గుర్రాలు ఉత్తమం, బాహ్లిక, సౌవీరాదులు మధ్యమం, తక్కినవన్నీ అధమం. ఈ శ్రేణీకరణ వెనుక వాతావరణ జ్ఞానం ఉన్నది. నీరు సమృద్ధిగా గల దేశంలో, వర్షం కురిసే కాలంలో గజబలంతోను, అందుకు విపరీతమైన చోట్ల గాడిదలు, ఒంటెలు, గుర్రాలతోను దండయాత్ర చేయాలని ఆయన విధించాడు. ఏనుగు స్వేదం లోపలే నిలిచిపోతుందని, తీవ్రమైన ఎండలో దానికి చర్మవ్యాధి సోకుతుందని కారణం కూడా చెప్పాడు. కళింగాధిపతులు గజపతి బిరుదాన్ని ధరించడం, ఉత్తరాపథపు తురుష్క ప్రభువులను అశ్వపతులనడం కేవలం అలంకారం కాదు. ఏ నేల ఏ జంతువును భరించిందో ఆ బిరుదులే చెబుతాయి.

అశ్వాలన్నీ ఒక్క తీరున వాతావరణాన్ని సహించవు. ఐస్‌లాండు, మంగోలియా గుర్రాలు దట్టమైన రోమంతో, పొట్టి కాళ్ళతో, గుండ్రని దేహంతో శీతకాలమంతా ఆరుబయటనే గడుపుతాయి. చలి వేస్తే రోమాలు నిక్కబొడుచుకొని వాటి నడుమ గాలిపొర నిలుస్తుంది. మేసిన ఎండుగడ్డి పెద్దప్రేగులో పులిసి ఉష్ణాన్ని ఇస్తుంది. అరేబియా గుర్రం నిర్మాణం వేరు. పలుచని చర్మం, పొట్టి రోమం, పైకి తేలిన నరాలు. దేహంలోని వేడిని త్వరగా వెలుపలికి పంపడానికి అవి ఏర్పడ్డాయి. పొడి ఎడారిలో అది వరం. తడిసి, గాలి తగిలితే మాత్రం ఆ గుర్రమే త్వరగా చల్లబడుతుంది. ఇక సముద్రతీరపు ఉక్కలో చెమట ఆరదు. ఆర్ద్రోష్ణ దేశాలకు తెచ్చిన కొన్ని గుర్రాలకు క్రమంగా చెమట పట్టడమే ఆగిపోతుందని ఆధునిక పశువైద్యులు గుర్తించారు. కౌటిల్యుడు ఏనుగుకు చెప్పిన స్వేదబాధ ఇక్కడ గుర్రానికే సంభవించింది!

వానకాలపు బురద మరొక విపత్తు. గిట్టలు మెత్తబడి కుళ్ళుతాయి. వీపు మీద పొక్కులు లేచి రోమం ఊడుతుంది. జోరీగలు సర్రా వ్యాధిని వ్యాపింపజేస్తాయి. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గాని గాఢనిద్రకు పడుకోవలసిందే. నేల తడిగా ఉంటే రోజుల తరబడి పడుకోదు. అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం ప్రతి గుర్రానికీ నున్నని పలకలు పరచిన స్థానాన్ని, మలమూత్రాలు వెలుపలికి పోయే మార్గాన్ని, ఋతువును బట్టి వైద్యులు నిర్ణయించే ఆహారాన్ని విధించడం ఇందుకే. ఇంత లౌకికమైన విధులు ధర్మజిజ్ఞాసువులకు అల్పంగా తోచవచ్చు. కాని రక్షణ అనేది ఆ పలకల దగ్గరే మొదలవుతుంది.

ఆ రక్షణ లోపించిన చోట ఏమైందో 13వ శతాబ్ది చివర దక్షిణతీరాన్ని చూసిన మార్కో పోలో వ్రాశాడు. తమిళతీరపు రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలను కొనేవారు. ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగిలేవి కావు. పోషణ తెలియకపోవడమే కారణమని ఆయన అభిప్రాయం. విజయనగరాన్ని గూర్చి వ్రాసిన నూనిజ్ మరొక సంగతి చెప్పాడు: సాళువ నరసింహరాయలు ఓర్ముజు నుండి తెప్పించిన గుర్రాలలో సముద్రం మీద చచ్చినవాటి తోకలు చూపినా వర్తకులకు మూల్యం చెల్లించేవాడు. 1516 నాటికి సింహాచలం చేరిన కృష్ణదేవరాయల సేన వెనుక ఇటువంటి అశ్వవాణిజ్యం ఉన్నది.

ఇన్ని చావులను 'మూగజీవాల సహనం' అని కీర్తించే వాడుక ఒకటున్నది. అది శాస్త్రసమ్మతం కాదు. ప్రతీకారం చేయక, చింతావిలాపాలు లేక దుఃఖాన్ని ఓర్చుకోవడం తితిక్ష అని వివేకచూడామణి నిర్వచనం. అది సాధకుడు తానై స్వీకరించేది. విడిచిన గుర్రం ప్రతీకారం చేస్తుంది. గాలివానకు వెనుకభాగం తిప్పి, తల దించి, తోక అదిమి, తోటి గుర్రాలను ఆనుకొని నిలుస్తుంది. గుట్ట చాటుకో, చెట్టు చాటుకో పోతుంది. కట్టుకొయ్యకు బంధించిన గుర్రానికి ఆ అవకాశం లేదు. దాని ప్రతీకారభారమంతా బంధించినవాడిదే.

నెల్లిమర్ల సమీపాన రామతీర్థం కొండలమీద బౌద్ధ, జైన అవశేషాలు ఉన్నాయి. ఆ శ్రమణులకు వర్షావాసం నియమం. వైదిక యతులకు చాతుర్మాస్యం. వానలలో సంచారం మానడం ఉభయ సంప్రదాయాలకూ సమ్మతమే. రాజులకూ మార్గశీర్షమే దండయాత్రకు ముఖ్యకాలం. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న, పొడి ఋతువులో జరిగింది. పూసపాటి చిన విజయరామరాజు నేలకొరిగిన పద్మనాభ యుద్ధం మాత్రం 1794 జూలై 10న, ఆషాఢపు వానలలో. కుంపిణీ సేన పంచాంగం చూసి కదలలేదు.

వర్షర్తువు గడిచిన అశ్వాలకు ఆశ్వయుజ నవమినాడు నీరాజనం చేయాలని కౌటిల్యుని విధి. యాత్ర ఆరంభంలోను, ముగింపులోను, వ్యాధి సోకినప్పుడు కూడా అదే శాంతి. విజయనగర మహర్నవమిలో అలంకరించిన గుర్రాల ఊరేగింపును డొమింగో పయస్ కన్నులారా చూశాడు. ఉత్తరదేశంలో ఆశ్వయుజం నిర్మలాకాశపు మాసం. కళింగతీరంలో అది తుపానుల మాసం కూడా: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ ఆశ్వయుజంలోనే తీరం దాటాయి. శాస్త్రం వర్షాంతంగా ఎంచిన మాసంలో ఇక్కడి అశ్వపాలకుడు సాలకప్పును మరొకసారి బిగించుకోవలసి ఉంటుంది.

తూర్పు కనుమలలో, పాడేరు ప్రాంతపు మన్యంలో, పొట్టి గుర్రాలు నేటికీ సంతలకు సరుకు మోస్తున్నాయి. కౌటిల్యుని లెక్కలో అవి అధమ శ్రేణి. రోడ్డు లేని గూడేలకు వాన కురిసే రోజున బియ్యం చేర్చేవి అవే. సాయంకాలం గంత దించగానే విడిచిపెడతారు. గాలికి వీపు తిప్పి మేస్తుంటాయి.